అమ్మ షుగరు అదుపులోనే ఉంది, మనిషే డీలా పడిపోయింది

అమ్మకి 78. షుగరొచ్చి 20 ఏళ్లు. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతోంది. మొన్న హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష) 6.2 వచ్చిందని నేను తెగ సంబరపడ్డాను. ఆవిడేమో గుమ్మం దాటడమే మానేసింది. తెల్లవారుజామున చెమటలు. ఒక్కోసారి నన్నే "ఎవరు నువ్వు?" అంటోంది. వయసు ప్రభావమేనా?

జవాబు:
వయసు మీదకి నెట్టేయకండి. షుగరు మరీ పడిపోతోందేమో, అలా ఉన్నప్పుడే వేలు గుచ్చి చూడండి. 70 కన్నా తక్కువుంటే 15 గ్రాముల గ్లూకోజ్ ఇచ్చి, 15 నిమిషాలాగి మళ్లీ చూడాలి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, అంబులెన్స్ పిలవండి. గ్లిమిపిరైడ్ మాత్ర, మనిషి అన్నం తిన్నా తినకపోయినా, షుగరు తగ్గించే ఇన్సులిన్‌ని ఊరిస్తూనే ఉంటుంది. కిడ్నీలు మందగిస్తే మరీను. మా నాన్నకి డాక్టరు ఆ మాత్ర తీసేసి, హెచ్‌బీఏ1సీ 8 లోపుంటే చాలన్నారు. ఇప్పుడు శుభ్రంగా నాతో పోట్లాడుతున్నాడు! మీ అంతట మీరు మాత్రం మందు ఆపకండి.

ఇంకో జవాబు:
అంకెల కోసం వేధించకండి కూడా. మా మామగారి చేత రోజూ షుగరెంతో నోటుబుక్కులో రాయించేవాళ్లం. మా గోల పడలేక దొంగ అంకెలు రాయడం మొదలెట్టారు. ఈ హడావుడిలో ఆయన అరికాలి పుండు ఎవరమూ చూడలేదు. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ లేదు కాబట్టి ఆయనకీ తెలీలేదు.

అడిగినవారు:
ఇవాళ తెల్లవారి 4కి చూస్తే 58. గ్లూకోజ్ ఇచ్చాక కాసేపటికి "లైటెందుకేశావురా" అని కసిరింది. ప్రాణం లేచొచ్చింది. పాదాలు కూడా చూశాను, బాగానే ఉన్నాయి. పొద్దున్నే డాక్టరు దగ్గరికి బయల్దేరుతున్నాం.