మలబార్ ట్రోగన్: కూత వినబడుతోంది, పిట్ట కనబడట్లేదు

పర్లాకిమిడి_వాసి:
మహేంద్రగిరి వైపు కొండల్లో మలబార్ ట్రోగన్‌ని ఎక్కడ వెతకాలి? 8 రెట్లు దగ్గరగా చూపే బైనాక్యులర్ (8×42) ఉంది.

గెడ్డఒడ్డు:
కింద జీడితోటల్లో, పోడు వాలుల్లో వెతక్కండి. దానికి చిక్కటి నీడ కావాలి. గెడ్డ (కొండవాగు) వెంట కొమ్మలు కమ్ముకున్న చోటుకి తెల్లారగానే చేరండి. అందరూ చేసే పొరపాటు, తలెత్తి చిటారుకొమ్మలే చూడటం. ఇది మధ్య ఎత్తులో, అడ్డకొమ్మ మీద నిటారుగా, తోక కిందికి వేలాడేసి కూర్చుంటుంది.

జయపురం_పిట్టలు:
అసలు చిక్కు వేరే ఉందండీ. అలికిడైతే వీపు మనవైపు తిప్పేస్తుంది. ఎర్రటి పొట్ట అటు, గోధుమరంగు వీపు ఇటు. ఎండుటాకుల గుత్తి అనుకుని దాటిపోతాం. అందుకే ఎరుపు కోసం కాదు, ఆకారం కోసం చూడండి: 31 సెంటీమీటర్ల పిట్ట, మెడ లేనట్టుండే తల, కొస తెగ్గోసినట్టున్న పొడుగు తోక. బొంగురుగా 'క్యౌ క్యౌ క్యౌ' అని వరసగా వినబడితే అటు నడవొద్దు. ఉన్నచోటే 20 నిమిషాలు నిలబడండి. పురుగు కోసం ఎగిరి ఇంకో కొమ్మకి మారినప్పుడే కంట్లో పడుతుంది. తోకకి రెండు తీగలుండే నల్లపిట్ట పోలిగాడు ఉన్న పిట్టల గుంపుని వదలొద్దు, ట్రోగన్ ఆ గుంపుతో తిరుగుతుంది.

రాయగడ_అడవి:
మగదానికి తల, రొమ్ము నలుపు. ఆ నలుపుకీ పొట్ట ఎరుపుకీ మధ్య తెల్లటి పట్టీ. ఆడదానికి నలుపూ లేదు, పట్టీ లేదు, పొట్ట పసుపు కలిసిన గోధుమ రంగు. దాన్నే ఎక్కువమంది పోల్చుకోలేరు.

పర్లాకిమిడి_వాసి:
ఫోన్లో కూత వేస్తే వస్తుందా?

గెడ్డఒడ్డు:
వస్తుంది, అందుకే వేయొద్దు. ఫిబ్రవరి నుంచి మే దాకా అసలే వద్దు బాబూ. పుచ్చిన మొద్దుని ముక్కుతో తొలిచి గూడు చేయడానికే నెల దాకా పడుతుంది, పెట్టేది మామూలుగా రెండు గుడ్లు. గుడ్లు పొదగడంలో మగదీ పాలు పంచుకుంటుంది. ఫోన్లో కూత విని పోటీకి ఇంకో మగది వచ్చిందనుకుని అది గూడు వదిలి వస్తే గుడ్లకి దిక్కుండదు. ఇంకోటి, వంటచెరకుకి ముందుగా పోయేవీ ఆ పుచ్చుమొద్దులే. నిలబడి ఉన్న మొద్దుని కదపొద్దని వెంట వచ్చేవాళ్లకీ చెప్పండి.

జయపురం_పిట్టలు:
ఫొటోకి ఫోకస్ ఒక్క బిందువు మీదే పెట్టండి, లేకపోతే ముందున్న ఆకు పట్టుకుంటుంది. నల్లటి తల చూసి కెమెరా వెలుగు పెంచేస్తుంది, పొట్ట ఎరుపు ముద్దైపోయి ఈకల గీతలు పోతాయి. ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించండి. ఫ్లాష్ వద్దు.