ఇన్సులిన్ ఇస్తున్నప్పుడు ఈసీజీపై అంత నిఘా ఎందుకు?

మధురవాడ అమ్మ: మా అబ్బాయికి టైప్ 1 మధుమేహం ఉంది. ఈమధ్య కీటోయాసిడోసిస్‌తో (ఇన్సులిన్ చాలక రక్తంలో ఆమ్లాలు పేరుకుపోయే స్థితి) ఐసీయూలో చేర్చినప్పుడు, షుగర్ అంత ఎక్కువగా ఉన్నా పొటాషియం రిపోర్టు వచ్చేదాకా ఇన్సులిన్ డ్రిప్ మొదలుపెట్టలేదు. మొదలుపెట్టాక కూడా తరచూ రక్తం తీస్తూ, మానిటర్‌లో గుండె గీతలనే గమనిస్తూ ఉన్నారు. షుగర్ మందుకు, గుండె లయకు ఉన్న సంబంధం ఏమిటో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

ఐసీయూ నర్సు: క్లోమం నుంచి వచ్చే ఇన్సులిన్ గ్లూకోజ్‌ను మాత్రమే కాదు, పొటాషియంను కూడా రక్తం నుంచి కణాల్లోకి పంపుతుంది, ఎందుకంటే కణపొరలోని సోడియం-పొటాషియం పంపు దాని ప్రభావంతో మరింత చురుకుగా పనిచేస్తుంది. కీటోయాసిడోసిస్‌లో మొదటి రిపోర్టు మామూలుగా కనిపించినా, మూత్రంలో పోయినదంతా పోయి ఒంట్లో పొటాషియం నిల్వ తరిగిపోయే ఉంటుంది. ఆ స్థితిలో ఇన్సులిన్ ఇస్తే రక్తంలో మిగిలినది కూడా పడిపోయి, ఈసీజీలో టీ తరంగం (ప్రతి స్పందన తర్వాత గుండె మళ్లీ సిద్ధమవడాన్ని చూపే గీత) చదునవుతుంది, దాని వెనుక యూ తరంగం అనే మరో చిన్న గీత తలెత్తుతుంది, ప్రమాదకరమైన లయ తప్పడాలు రావచ్చు. పొటాషియం లీటరుకు 3.5 మిల్లీమోల్ కంటే (2024కు ముందు 3.3 కంటే) తక్కువుంటే ముందు దాన్ని ఎక్కించాకే ఇన్సులిన్ అన్న నియమం ఏళ్లుగా ఉన్నది అందుకే.

డయాలిసిస్ కుటుంబం: మాది దీనికి సరిగ్గా వ్యతిరేకమైన అనుభవం. మావారికి షుగర్ లేదు, కిడ్నీలే పాడయ్యాయి. పొటాషియం 7 దాటి టీ తరంగాలు మొనదేలినప్పుడు ముందుగా కాల్షియం, వెంటనే 10 యూనిట్ల ఇన్సులిన్‌తో పాటు 25 గ్రాముల గ్లూకోజ్ ఇచ్చారు. షుగర్ లేని మనిషికి ఇన్సులిన్ ఏమిటని నేను గట్టిగానే అడిగాను.

జనరల్ మెడిసిన్ పీజీ: అక్కడ కాల్షియం పొటాషియంను తగ్గించదు, గుండె కణపొరకు తాత్కాలిక రక్షణ మాత్రమే ఇస్తుంది. ఇన్సులిన్ ప్రభావం పావుగంట నుంచి అరగంటలో మొదలై నాలుగు నుంచి ఆరు గంటలు ఉంటుంది, అయితే పొటాషియం కణాల్లో దాక్కుంటుందే తప్ప ఒంట్లోంచి బయటకు పోదు కాబట్టి డయాలిసిస్ తప్పదు. కిడ్నీలు పనిచేయనివారిలో ఇన్సులిన్ ఎక్కువసేపు నిలుస్తుంది. గ్లూకోజ్ ఇచ్చినా కొన్ని గంటల తర్వాత షుగర్ పడిపోవచ్చు, కనుక ఆ తర్వాత కూడా గంటగంటకూ చూడాలి.

మధురవాడ అమ్మ: మరి రాత్రి నిద్రలో షుగర్ పడిపోతే గుండెకు ఏమవుతుంది? నా అసలు భయం అదే.

జనరల్ మెడిసిన్ పీజీ: షుగర్ పడిపోగానే అడ్రినలిన్ విడుదలై, అదీ పొటాషియంను కణాల్లోకి నెడుతుంది, ఈసీజీలో క్యూటీ వ్యవధి (ఒక్కో స్పందన మొదలై గుండె మళ్లీ సిద్ధమయ్యేదాకా పట్టే సమయం) పెరుగుతుంది, అది మరీ పెరిగితే లయ తప్పవచ్చు. ఆరోగ్యంగా పడుకున్న టైప్ 1 యువకులు తెల్లారేసరికి మరణించి కనిపించిన ఉదంతాలను 1991లో బ్రిటన్ వైద్యులు ప్రచురించినప్పటి నుంచి, ఇదే కారణమై ఉండవచ్చన్న అనుమానం బలంగా ఉంది, నిర్ధారణ మాత్రం కాలేదు. అలాంటి మరణాలు అరుదు. ఒంటికి పెట్టే షుగర్ సెన్సర్ ఉంటే రాత్రి అలారం ఆపేయకండి. అజిత్రోమైసిన్ (ఒక యాంటీబయాటిక్) లాంటి క్యూటీని పెంచే మందు ఎవరైనా రాస్తే, బాబు ఇన్సులిన్ మీద ఉన్నాడని ముందే చెప్పండి.