తెన్నేటి పార్కు రాతి మీద పగడం లాంటిది: ఇది లైకెనేనా?

ప్రశ్న: విశాఖ తెన్నేటి పార్కు కింద ఒక పెద్ద రాతి మీద బూడిద రంగులో, కొమ్మలు కొమ్మలుగా, గుత్తిగా పెరిగినది కనిపించింది. ఫోను యాప్ దాన్ని స్ఫేరోఫోరస్ అనే పగడపు లైకెన్ (శిలీంధ్రం, నాచు కలిసి బతికే జీవి) అంటోంది. నమ్మవచ్చా?

జవాబు: యాప్‌ను కాసేపు పక్కన పెట్టండి. ముందు ఇది చెప్పండి: అక్కడికి అల వస్తుందా? ఆటుపోట్లకు తడిసే రాతి మీద పగడంలా కనిపించేది చాలావరకు సున్నం పట్టిన నాచు, లైకెన్ కాదు. గులాబీ రంగులో ఉంటుంది, ఎండితే తెల్లబడుతుంది, గణుపుల దగ్గర విరుగుతుంది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ముక్క మీద నిమ్మకాయ పిండి చూడండి, బుసబుస పొంగుతుంది.

అడిగినవారు: అల తగలదండీ, తుంపర మాత్రమే. గులాబీ రంగు అసలే లేదు. తాకితే తోలులా ఉంది. కొమ్మ గుండ్రంగా కాక రిబ్బనులా చదునుగా ఉంది, అంచుల్లో తెల్లటి పొడి చుక్కలు.

మరొకరు: ఆ చదునే గుట్టు విప్పేసింది. రాళ్ల మీద పెరిగే స్ఫేరోఫోరస్ ఫ్రాజిలిస్ కొమ్మలు గుండ్రంగా ఉంటాయి, లోపల బోలు ఉండదు, ఎండినప్పుడు ముట్టుకుంటే పుటుక్కుమంటాయి. దాని దగ్గరి చుట్టం గ్లోబోసస్‌కు కొమ్మ చివర చిన్న ఉండలు వస్తాయి, పగిలితే మసి లాంటి నల్లపొడి. ఫ్రాజిలిస్ ఉత్తర ధ్రువం వైపు, చలి కొండల మీద బతికేది. మే నెల ఎండకు పెనంలా కాలే మన ఖోండలైటు రాయి దానికేం సరిపడుతుంది! మీరు చూసింది రోసెల్లా కావచ్చు. బడిలో వాడిన లిట్మస్ రంగును ఒకప్పుడు ఈ జాతి లైకెన్ల నుంచే తీసేవారు.

మొదటి జవాబు ఇచ్చినవారు: నాదీ అదే అనుమానం. రాలిపడిన పోగు దొరికితే ఇంటికి తెచ్చి, బట్టలకు వాడే తాజా బ్లీచ్ ఒక్క చుక్క వేయండి. ఎర్రబడితే రోసెల్లాకు బలం చేకూరినట్టే. రాతి మీదున్న దానిపై మాత్రం పోయకండి, గీకకండి. లైకెన్ పెరగడానికి ఏళ్లు పడుతుంది. ఫోటోలో పక్కన నాణెం పెట్టండి, పొడిగా ఉన్నప్పుడొకటి, నీళ్లు చిలకరించాక ఒకటి తీయండి.

అడిగినవారు: చుక్క పడగానే ఎర్రబడింది! పక్క రాతి మీద గింజలు గింజలుగా మరొకటి ఉంది, గోటితో లేవడం లేదు. అదీ ఇదేనా?

జవాబు: కాదు. రాతికి కరుచుకుపోయే పొర రకం లైకెన్లు వేరు. వాటిలో కొన్నింటికి పైన పగడపు మొలకల్లాంటి బుడిపెలు వస్తాయి, అక్కడే అందరూ పొరబడతారు. వాటిని పోల్చుకోవాలంటే సూక్ష్మదర్శిని ఉండాల్సిందే. ఫోటోలు తీసుకుని ఆంధ్ర విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగంలో ఎవరినైనా అడిగి చూడండి.