అప్‌డేట్: పర్లాకిమిడి దుకాణాల ఎక్స్‌ఎంఎల్ ఫైలు తెరుచుకుంది

పర్లాకిమిడి దుకాణాల పేర్లు తెలుగులో, ఒడియాలో, ట్యాగుల (< > గుర్తుల మధ్య రాసే పేర్ల) నడుమ పెట్టిన ఎక్స్‌ఎంఎల్ ఫైలు మధ్యలోనే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతోందని అడిగాను కదా. టెన్షన్ తీరింది, అందరికీ థాంక్స్!

మీరన్నట్టే అక్షరాల తప్పేం లేదు, ఫైలు యూటీఎఫ్-8లోనే (అన్ని భాషల అక్షరాలనూ కంప్యూటర్లో దాచే పద్ధతి) ఉంది. అడ్డుపడింది "& సన్స్" అనే పేర్లలోని గుర్తు. & కనిపిస్తే ఎక్స్‌ఎంఎల్ అక్కడేదో కోడ్ మొదలైందనుకుంటుంది. దాన్ని &#38; అని, ధరల దగ్గరున్న < ని &#60; అని మార్చాను. వరస చాలా ముఖ్యం: ముందు &, తర్వాతే <. తిరగేస్తే &#60; లోని & కూడా మారిపోతుంది.

పొల్లు నిలబెట్టే కనిపించని గుర్తును మాత్రం దయచేసి తీసేయకండి. అది ఎక్స్‌ఎంఎల్‌కి అడ్డే కాదు. తీసేస్తే రాజ్‌కుమార్ కాస్తా రాజ్కుమార్ అయిపోతుంది.