లోయర్ చేసిన (కిందికి దించిన) పోలో కారుకి 17 ఇంచుల వీలా, 16 ఇంచుల వీలా?

వరంగల్‌పోలో: 35 మి.మీ. లోయరింగ్ స్ప్రింగులు వేయించా. కంపెనీ సైజు 185/60 ఆర్15 (టైరు వెడల్పు 185 మి.మీ., పక్క గోడ అంటే సైడ్‌వాల్ ఎత్తు అందులో 60 శాతం, వీల్ 15 ఇంచులు), పాత వీల్ మీద 6జె ఈటీ40 అని ఉంది (వీల్ వెడల్పు 6 ఇంచులు; ఈటీ అంటే ఆఫ్‌సెట్, కారుకి బిగించే ముఖం వీల్ మధ్యగీత నుంచి ఎన్ని మి.మీ. బయటికుందో). ఇప్పుడు 205/40 ఆర్17 (7.5జె ఈటీ35) తీసుకోనా, 195/50 ఆర్16 (6.5జె ఈటీ40) తీసుకోనా? లుక్ మాత్రం 17దే. వెనక ముగ్గురు కూర్చుంటే టైరు ఫెండర్‌కి (చక్రం పైన రేకుకి) రాసుకుంటుందా?

కిలోమీటర్‌రాజు: 205/40 వేస్తే స్పీడోమీటర్ తప్పు చూపిస్తుంది. ముందు అది చూసుకో.

టైరుతాత: లెక్క చెప్తా రాసుకో తమ్ముడూ. ఆ 17 వేస్తే బయటి అంచు పాతదాని కంటే 24 మి.మీ. బయటికొస్తుంది, లోపలి అంచు 14 మి.మీ. లోపల స్ట్రట్ (సస్పెన్షన్ కడ్డీ) వైపు పోతుంది. 16 అయితే అటు 6, ఇటు 6, అంతే. టైరు ఎత్తు తగ్గిస్తే తగలదనుకుంటారు అందరూ. ఇక్కడ కొంప ముంచేది వెడల్పూ, ఆఫ్‌సెట్టూ. పైగా సైడ్‌వాల్ 111 మి.మీ. నుంచి 82కి దిగిపోతుంది. నేను 205/40 వేసిన మూడో నెలలో ఉప్పల్ దగ్గర వాన నీళ్ళు నిండిన గుంటలో పడ్డా. టైరు పక్కన కోడిగుడ్డంత బుడిపె లేచింది, అల్లాయ్ వీల్ వంగింది. అమ్మినాయన వారంటీ రాదు పొమ్మన్నాడు.

గుంటూరుగేర్: గుంటలో మీరు పడితే పాపం వీల్‌దా తాతా? నాది 17, రెండేళ్ళయింది, గాలి వారం వారం చూసుకుంటా, చిన్న గీత లేదు. ఫెండర్ లిప్ రోల్ చేయించి (అంచు లోపలికి మడిపించి), వెనక కాస్త నెగటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలేలా) పెట్టిస్తే సరి.

టైరుతాత: పోలో వెనక టార్షన్ బీమ్ (రెండు చక్రాల్నీ కలిపే ఒకే దూలం) నాయనా. అలైన్‌మెంట్ షాపులో బోల్టు తిప్పితే క్యాంబర్ మారదు, షిమ్ములు (పల్చటి రేకు ముక్కలు) వేయాలి. అది కూడా తెలియకుండా సలహాలు!

సీటుబెల్ట్: బండిలో మార్పుల గురించి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఎవరైనా చదివారా? అనుమతి లేని మార్పైతే 182ఎ(4) కింద ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

కిలోమీటర్‌రాజు: స్పీడోమీటర్‌కి ఎవరూ జవాబు చెప్పలేదు.

గుంటూరుగేర్: 603 మి.మీ. వ్యాసం ఉన్న టైరు 596 అవుతుంది. మీటర్లో 100 ఉంటే నిజంగా 99. చాలా రాజుగారూ? ఇక తాతగారి సంగతి. కిందటి నెల స్విఫ్ట్ కుర్రాడినీ ఇలాగే తరిమారు. మీకు టైరు నచ్చకపోవడం కాదు, కారు దించినవాడెవడూ నచ్చడు. వాడడిగింది సైజు, మీరు చెప్పేది నీతులు.

టైరుతాత: అవును, నచ్చరు. ఏం?

గుంటూరుగేర్: అదేదో మొదటే అనొచ్చుగా. ఇంత లెక్కలెందుకు?

టైరుతాత: లెక్క తప్పయితే చూపించు. రెండేళ్ళ క్రితం నా నడుముకి ఆపరేషన్ అయింది. మా అబ్బాయి కారు 40 మి.మీ. దించాడు. ప్రతి స్పీడ్ బ్రేకర్‌కీ వెన్నులో కలుక్కుమనేది. సంక్రాంతికి వాడు కార్లో వెళ్ళాడు, నేను ఏదో పనుందని చెప్పి బస్సులో వెళ్ళా. ఎందుకెళ్ళానో వాడికి ఇప్పటికీ తెలీదు.

గుంటూరుగేర్: చెప్పకపోతే ఎలా తెలుస్తుంది తాతా.

టైరుతాత: వాడికిష్టమైన కారు.

వరంగల్‌పోలో: తాతగారూ, 16కే అడ్వాన్స్ ఇచ్చా. మా అమ్మకి మోకాళ్ళు, ఇంత కిందికుంటే ఎక్కి దిగడానికే తిడుతోంది. టైరు 84 లోడ్ ఇండెక్స్, చక్రానికి 500 కిలోలు, పాతదీ అంతే కదా? వీల్ బోర్ (మధ్య కన్నం) కారు హబ్ 57.1 మి.మీ. కంటే పెద్దది, ఆ సందు నింపే రింగులు ఇస్తానన్నాడు.

టైరుతాత: అంతే. రింగులు అల్యూమినియంవి అడుగు. వెనక ముగ్గుర్ని కూర్చోబెట్టి స్పీడ్ బ్రేకర్ ఎక్కించి, ఫెండర్ లోపల చెయ్యి పెట్టి చూడు. రాసుకుంటే రబ్బరు మెరుస్తుంది.

కిలోమీటర్‌రాజు: 16కి స్పీడోమీటర్ ఎంత తేడా?