ప్లాస్మా సెల్ లుకేమియా: పాత లెక్కలు మా నాన్నగారికి వర్తిస్తాయా?

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 57 ఏళ్లు. ప్రైమరీ ప్లాస్మా సెల్ లుకేమియా (ప్లాస్మా కణాలు రక్తంలోకి చేరే అరుదైన రక్త క్యాన్సర్) అని తేలింది. మైలోమా (ఎముక మజ్జలో ప్లాస్మా కణాల క్యాన్సర్) ముదిరి ఇలా మారింది కాదు, మొదటే ఇలా బయటపడింది. రక్తం స్మియర్‌లో ప్లాస్మా కణాలు 9 శాతం. ఒకప్పుడు 20 శాతం దాటితేనే ఈ జబ్బు అనేవారు. 2021లో నిర్వచనం మార్చి 5 శాతం చాలన్నారు.

నా సందేహం ఇక్కడే. అమెరికా క్యాన్సర్ రిజిస్ట్రీ లెక్కల్లో 2006–2009 మధ్య జబ్బు తేలినవాళ్లలో సగంమంది ఏడాదికి మించి బతకలేదు. ఆ అంకె చదివాక నిద్ర పట్టడం లేదు. కానీ అవి పాత నిర్వచనం నాటివి, డారాటుముమాబ్ అనే మందు రాకముందువి. 9 శాతం ఉన్న మనిషిని వాటితో పోల్చవచ్చా?

క్యాన్సర్ కణాల జన్యుమార్పులు చూసే ఫిష్ పరీక్షలో టి(11;14) (11, 14 క్రోమోజోముల ముక్కలు తారుమారవడం) ఉంది, 17పి డిలీషన్ (17వ క్రోమోజోములో ఒక ముక్క పోవడం, చెడు సూచన) లేదు. ఎల్‌డీహెచ్ (జబ్బు తీవ్రతను సూచించే రక్తపరీక్ష) మాత్రం బాగా ఎక్కువ. వీటిలో దేనికి ఎక్కువ బరువు ఇవ్వాలి? బోర్టెజోమిబ్‌తో చికిత్స మొదలైంది, తర్వాత ఆయన సొంత మూలకణాలతోనే చేసే ఆటోలోగస్ ట్రాన్స్‌ప్లాంట్ అంటున్నారు. టి(11;14) ఉన్నవాళ్లకు వెనెటోక్లాక్స్ అనే మందు పనిచేస్తుందని చదివాను. దాని గురించి డాక్టరుగారిని ఇప్పుడే అడగాలా, జబ్బు తిరగబెడితేనా?

మన దేశపు రోగుల వివరాలు తెలిసిన హెమటాలజీ డాక్టర్లు, ఇంట్లో ఈ జబ్బును చూసినవాళ్లు దయచేసి చెప్పండి. మా ధైర్యం కోసం ఏదీ తగ్గించి చెప్పకండి.