చెన్నైలో ఒక్కరోజు: కొనడానికా, చూడడానికా?

దర్గామిట్ట వాసి, నెల్లూరు
మొన్న వేసవిలో ఇంటిల్లిపాదీ, ఆరుగురం, చెన్నై వెళ్లి వచ్చాం. తెల్లవారుజామున ఐదింటికి బస్సెక్కితే తొమ్మిదికి దిగాం. తిరుగు బస్సు రాత్రి ఏడింటికి. మధ్యలో మిగిలినవి పది గంటలు. వాటిలో ఏడు గంటలు త్యాగరాయనగర్‌లో ఒకే బట్టల కొట్టులో, అంతస్తు వెనక అంతస్తు ఎక్కుతూ గడిచిపోయాయి. భోజనం కూడా ఆ భవనంలోనే, నిలబడి. మా ఎనిమిదేళ్ల పాప పొద్దున్నుంచీ "సముద్రం ఎప్పుడు నాన్నా?" అని అడుగుతూనే ఉంది. చూపించలేకపోయాను. ఇంటికొచ్చి సంచులు విప్పితే మూడు చీరలు, పిల్లల బట్టలు, స్టీలు డబ్బాలు. ట్రంకు రోడ్డులోనో చిన్నబజారులోనో దొరకనిది వాటిలో ఒక్కటీ లేదు.

నా అభిప్రాయం ఇది. 175 కిలోమీటర్లు వెళ్లేది ఊరు చూడడానికి, అక్కడి తిండి తినడానికి. కొనుగోళ్లు నెల్లూరులోనే చేసుకోవాలి. మీరేమంటారు?

చిన్నబజారు వ్యాపారి
మాది బట్టల వ్యాపారం కాబట్టి నా మాటకు కొంత తరుగు వేసుకోండి. జాకెట్టు ముక్క రంగు కలవకపోయినా, అంచులో పోగు లేచినా మా దగ్గరికి మర్నాడు తెచ్చి మార్చుకుంటారు. మా నాన్నగారి కాలం నుంచీ అదే పద్ధతి. చెన్నైలో కొన్నదానికి ఆ అవసరం పడితే బస్సు చార్జీలు ఎవరిస్తారు?

కావలి కోడలు
దర్గామిట్ట అన్నగారూ, పాప అడిగిన మాట చదివి నాకూ బాధేసింది. ఆ విషయంలో మీ వైపే ఉన్నాను. కానీ అదే చీర ఇక్కడా దొరుకుతుంది అన్నచోట మీకు కనబడనిది ఒకటుంది.

కావలిలోనైనా, నెల్లూరు చిన్నబజారులోనైనా నేను కొట్లో అడుగుపెడితే "ఫలానా వారి కోడలు" అని కుర్చీ వేస్తారు, సోడా తెప్పిస్తారు. మడత విప్పి, అంచు చేతి మీద వేసుకుని చూపిస్తారు. మూడో చీర విప్పేసరికే నాకు మొహమాటం మొదలవుతుంది. ఐదోది విప్పాక ఏదో ఒకటి తీసుకోక తప్పదు. తీసుకోకుండా లేస్తే ఆ కబురు నాకంటే ముందు ఇల్లు చేరుతుంది.

చెన్నై త్యాగరాయనగర్‌లోని రంగనాథన్ వీధిలో నన్నెవరూ ఎరగరు. పోయినసారి గోధుమ రంగు చీర ఒకటి పట్టుకుని, అడిగి, గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుతురులో చూశాను. లోపల దీపాల కింద బంగారంలా మెరిసిన అంచు బయట వెలిసిన పసుపులా ఉంది. తిరిగి ఇచ్చేశాను. ఎవరూ ఒక్క మాట అనలేదు. అలా నలభై చీరలు చూసి, ఒక్కటీ కొనకుండా బయటికి వచ్చి చెరకురసం తాగాను. ఆ తృప్తి ఎలాంటిదో మా ఆయనకు ఇప్పటికీ చెప్పలేకపోతున్నాను. కొనడం వేరు, నచ్చేదాకా చూడడం వేరు. మొదటిదానికి నెల్లూరు చాలు. రెండోదానికి ఇక్కడ మాకు చోటు లేదు. మీకు మెరీనా ఎంతో నాకు ఆ వీధి అంత.

చిన్నబజారు వ్యాపారి
అమ్మా, ఇరవై అయిదేళ్లుగా గల్లాలో కూర్చుంటున్నాను, ఈ మాట నాతో ఎవరూ అనలేదు. సోడా మర్యాద కోసం ఇస్తున్నామనే అనుకున్నాను. అది మిమ్మల్ని కట్టిపడేస్తున్నదని తట్టలేదు. మీరు కొనకుండా లేచినా మేమేమీ అనుకోం.

కావలి కోడలు
మీరు అనుకోరండీ. పక్కన కూర్చున్న మా వీధివాళ్లు అనుకుంటారు.

మైపాడు కుర్రాడు
అసలు వెళ్లడమెందుకు? సముద్రం కావాలంటే నెల్లూరికి పాతిక కిలోమీటర్లలో మా మైపాడు ఉంది. పొద్దున రంగనాయకుల గుడికి వెళ్లి పెన్న ఒడ్డున కాసేపు కూర్చోండి. మధ్యాహ్నం పుల్ల మామిడి ముక్కలు వేసిన కొర్రమీను పులుసు, సాయంత్రం మలై కాజా. పాపకు సముద్రం దొరుకుతుంది, మీకు నడుము నొప్పి తప్పుతుంది.

ఒంగోలు మాస్టారు
తమ్ముడూ, మైపాడు మాట కాదనను. కానీ చెన్నైని పరాయి ఊరి లెక్కన చూస్తున్నారు, అక్కడే నా అభ్యంతరం. మాకు ఒంగోలు నుంచి దాదాపు 290 కిలోమీటర్లు, రాత్రి రైలెక్కాలి. అయినా వెళ్తాను.

చీరలు కొనే ఆ త్యాగరాయనగర్‌కు తెలుగు కుటుంబంలో పుట్టిన పిట్టి త్యాగరాయ చెట్టి పేరు పెట్టారు. దాని నడుమ ఉన్న పానగల్ పార్కు కాళహస్తిలో పుట్టిన పానగంటి రామారాయణింగారి పేరు మీద ఉంది. ఆయన 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వాన్ని నడిపారు. మైలాపూరులో బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో పొట్టి శ్రీరాములు గారు 58 రోజులు నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచారు. నెల్లూరు జిల్లా ఆయన పేరే పెట్టుకుంది. ఆయన స్మారక భవనం మైలాపూరులో ఉంది. నెల్లూరి నుంచి వెళ్లేవాళ్లలో అక్కడ ఐదు నిమిషాలు ఆగేవారు ఎందరు? ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

ఇక ఎగ్మూరు మ్యూజియం. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఎలియట్ అమరావతి స్తూపం దగ్గర తవ్వించిన శిల్పాలు చాలావరకు లండన్ చేరాయి, అదే స్తూపం శిల్పాలు ఎన్నో ఇక్కడున్నాయి. పదేళ్ల కిందట మా పిల్లలకు నలగిరి ఏనుగు చెక్కిన గుండ్రటి ఫలకం చూపించాను. ఒకే చక్రంలో ఏనుగు రెండుసార్లు ఉంటుంది. ఒక పక్క మదమెక్కి వీధిలో మనుషులను తొక్కుతూ, ఇంకో పక్క బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లి. పై నుంచి జనం తొంగి చూస్తుంటారు. మా చిన్నవాడు "రెండూ ఒకే ఏనుగా?" అని అడిగి, ఆ రాయి ముందు నుంచి కదలలేదు. మన కృష్ణ ఒడ్డు రాయి అది. దాన్ని చూడకుండా చెన్నై నుంచి తిరిగి రావడం నా దృష్టిలో పెద్ద నష్టం.

దర్గామిట్ట వాసి
మాస్టారూ, ఎగ్మూరు మీదుగా ఎన్నిసార్లు వెళ్లానో, ఒక్కసారీ లోపలికి అడుగుపెట్టలేదు. ఈసారి పాపకు ఆ ఏనుగును చూపిస్తాను.

కోడలుగారూ, మీ మాట నిన్న రాత్రి మా ఇంట్లో చదివి వినిపించాను. మా ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ రోజు కొట్లో మీరు పక్కన నిలబడి గడియారం చూస్తూ ఉన్నారు. అందుకే ఆ మూడు చీరలు తీసుకున్నాను" అన్నది. కాబట్టి నా మాటను సగం వెనక్కి తీసుకుంటున్నాను. ఆమెకు రెండు గంటలు విడిగా ఉంటాయి, ఆ సమయంలో పిల్లలు నా దగ్గరుంటారు. స్టీలు డబ్బాల విషయంలో మాత్రం మారను, అవి నెల్లూరులోనే.

ఈసారీ బస్సే. పినాకిని ఎక్స్‌ప్రెస్ రైలు మధ్యాహ్నానికి చేరి, కాసేపటికే వెనక్కి బయలుదేరుతుంది. పొద్దున మ్యూజియం, అక్కడి నుంచి లోకల్ రైల్లో మాంబళం, దిగితే రంగనాథన్ వీధి. నాలుగింటికి మెరీనా. కొబ్బరి తురుము, మామిడి ముక్కలు కలిపి వేడి బఠాణీ సుండల్ కాగితం పొట్లంలో పోసి ఇస్తారు, అది ఇసుకలో కూర్చునే తినాలి. తిరుగు బస్సు ఏడింటికి కాదు, తొమ్మిదింటికి. వచ్చే శుక్రవారం బయలుదేరుతున్నాం.

ఒంగోలు మాస్టారు
శుక్రవారం వద్దండీ, మ్యూజియానికి సెలవు.

కావలి కోడలు
శనివారానికి మార్చుకోండి. అయితే మాస్టారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, మ్యూజియం మధ్యాహ్నానికి పెట్టుకోండి. రాళ్లు ఎక్కడికీ పోవు. రంగనాథన్ వీధిలో పొద్దెక్కితే అడుగు తీసి అడుగు వేయలేరు, ఇక గుమ్మం దాకా చీర తెచ్చి వెలుతురులో చూసేదెక్కడ? కొట్లు తెరిచే వేళకు వదినగారిని అక్కడ దించండి.